మైనం మీద అంకె

నెల్లూరు బస్సు విడవలూరు చేరేసరికి ఎండ నడినెత్తి దాటింది. అందరూ దిగిందాకా మాలకొండయ్య సీట్లోంచి లేవలేదు. ఆ తర్వాత సన్నాయి ఉన్న గుడ్డసంచీని రెండు చేతులా గుండెకు ఆనించుకొని, మెట్టు చూసుకుంటూ దిగాడు. ఎవరి కంటా పడకుండా వెనక సందులోంచి ఇంటికి పోదామనుకున్నాడు గాని, రమణయ్య కాఫీ హోటలు సరిగ్గా బస్సు ఆగే చోటే ఉంది.

"ఏమయింది మాలకొండన్నా? సభ వాళ్లు ఏమన్నారు?" అని రమణయ్య పాలగిన్నె దగ్గర్నుంచే అడిగాడు.

"కబురు చేస్తామన్నారు."

"చేస్తార్లే. కాఫీ తాగిపో."

రమణయ్య మంచివాడు. ఆ మంచితనం కొద్దీనే లోపలికి పోయి గ్రామఫోను పెట్టెకు కీ ఇచ్చి ప్లేటు పెట్టి వచ్చాడు. తోడి రాగం. సూది గరగరల లోంచి సన్నాయి మెల్లగా పైకి లేచింది. బెంచీల మీది వాళ్లు మాటలు ఆపారు.

"ఎన్నిమార్లు విన్నా అంతే," అన్నాడు రమణయ్య. "పెద్దాయన అప్పట్లో ఎట్టా వాయించినాడో చూడు. నువ్వు గూడా ఇట్టా వాయించి ఉంటే వాళ్లు కబురూ గిబురూ అనకుండా ఆడనే తాంబూలం ఇచ్చి ఉందురు."

మాలకొండయ్య కాఫీ గ్లాసు అంచు చూస్తూ తలూపాడు. ఆ ఊళ్లో అతనికి బాగా అలవాటైన పని తలూపడం.

పొద్దున నెల్లూరులో సభవారు ముగ్గురు కుర్చీల్లో కూర్చొని విన్నారు. ఉత్సవాలకు కొత్త విద్వాంసులను ఎంచే రోజు అది. అతను తోడి ఎత్తుకున్నాడు. ఎప్పుడు ఎవరు అడిగినా అతని చేతికి మొదట వచ్చేది తోడే. అయిపోయినాక ముగ్గురిలో పెద్దాయన నశ్యం డబ్బీ మూసి, "శ్రుతి శుద్ధంగా ఉందయ్యా. కాని ఇందులో నీది ఏదీ? చెంచురామయ్యగారి ప్లేటు మక్కికి మక్కి దించావు. మాకు ప్లేటు కావలిస్తే పెట్టుకొని వింటాం గదా," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. జాలి ఉంది. మాలకొండయ్య చేతులు జోడించి, సన్నాయి పీక విప్పి గుడ్డలో చుట్టుకొని వచ్చేశాడు.

ఇంటి ముందర పందిరి కింద నులకమంచం మీద చెంచురామయ్య కూర్చొని ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి. సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి సంగం దాకా ఎవరింట పెళ్లయినా 'చెంచురామయ్య మేళం' కావాలనే అడుగుతారు. ఆయన సన్నాయి ముట్టుకొని చాలా ఏళ్లయింది. పళ్లు ఊడిపోయినాయి, పీక మీద పట్టు లేదని చెబుతాడు. మేళంతో పాటు బండెక్కి వచ్చి ముందు వరసలో కూర్చుంటాడు, అంతే. వాయించేది మేనల్లుడూ అల్లుడూ అయిన మాలకొండయ్య.

"వచ్చినావా."

"వచ్చినా మామా."

"ఏమన్నారు?"

"కుదర్లేదు."

ఎందుకని ముసలాయన అడగలేదు. చెప్పులో ఇరుక్కున్న ముల్లు చూసుకుంటున్నట్టు వంగాడు.

అడిగింది ఆయన కూతురు ఆదిశేషమ్మ. పెరట్లో మొగుడు కాళ్లు కడుక్కుంటుంటే చెంబుతో నీళ్లు పోస్తూ, "ఎందుకు కుదర్లేదంట బావా?" అంది. అతను చెప్పాడు. ఆమె చెంబు ఎత్తినది ఎత్తినట్టే పట్టుకుంది.

"అంటే, నీ వాయింపు నువ్వే దొంగిలించినావనా?"

"మెల్లగా."

"ఎందుకు మెల్లగా? ఈ ఇంట్లో ఉండేది ముగ్గురం. ఆ ప్లేటు వాయించింది నువ్వని ముగ్గురికీ తెలుసు."

"తెలియటం వేరు శేషా. చెప్పటం వేరు," అన్నాడు మాలకొండయ్య, తడి కాళ్లు గుడ్డతో తుడుచుకుంటూ.

మరునాడు ఆ ఇంటి ముందు ఒంటెద్దు బండి ఆగింది. తెల్లచీర కట్టిన ఒకావిడ దిగింది. ముప్పై ఏళ్లుంటాయి. బండి తోలేవాడు దించబోయినా వినకుండా బరువైన పెట్టెను తనే దించుకుంది.

"చెంచురామయ్య గారి ఇల్లు ఇదేనా? నా పేరు కరుణాకుమారి. మాది నెల్లూరే. మద్రాసులో ప్లేట్ల కంపెనీలో పనిచేస్తుండా, పాత అచ్చులుండే గదిలో. మీరు తోడి ఇచ్చిన కంపెనీనే."

చెంచురామయ్య కండువా సర్దుకొని లేవబోయాడు. ఆమె వద్దని, పందిరి గుంజ దగ్గర పీట మీద కూర్చుంది. ఆదిశేషమ్మ మజ్జిగ ఇస్తే గటగటా తాగింది.

"ఇప్పుడు కొత్తరకం పెద్ద ప్లేట్లు వచ్చినాయి పెద్దాయనా. ఒక్కొక్క పక్కా పావుగంట పైనే పాడుతుంది. పాతవాటిల్లో మంచివి ఏరి దానికి ఎక్కిస్తున్నారు. ఎక్కించంగా మిగిలిన రాగి అచ్చులన్నీ కరిగించేస్తారు. గది నిండిపోయిందంట. మీ తోడి ఎక్కించేదాంట్లో ఉంది. అయితే చిన్న చిక్కు వచ్చింది."

పెట్టెలోంచి రెండు ప్లేట్లు తీసింది. ఒకదాని మధ్యన ఎర్రకాగితం ఉంది. రెండోదానికి ఏ కాగితమూ లేదు. ఎర్రకాగితం ప్లేటును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకొని, గీతలు అయిపోయి కాగితం మొదలయ్యే మధ్యన నున్నటి చోటు మీద వేలు పెట్టింది.

"కాగితం మీది నంబరు అంగడివాళ్ల కోసం. ఇది మా కోసం. వాయించేటప్పుడు నాదాన్ని మైనం బిళ్ల మీద పట్టి, ఆ మైనం మీదే గీరిన అంకె. 417 అంటే ఆ పూట పట్టిన తోడి. పక్కన గీత, గీత పక్కన రెండు. అంటే రెండో మారు వాయించింది. అంగళ్లకు వచ్చింది ఇదే. నిరుడు గది సర్దుతుంటే ఒకటో అంకె అచ్చు గూడా దొరికింది. అదే ఈ కాగితం లేనిది. మా ఆఫీసరు ఏదో ఒకటే ఎక్కిస్తా, వాయించిన ఆయన్నే అడిగి రమ్మన్నాడు."

చెంచురామయ్య కాగితం లేని ప్లేటు వైపు చూశాడు. "మా రాగాలకు గూడా నంబర్లుండాయమ్మా," అన్నాడు. "అయితే పేరులోనే పెట్టినారు పెద్దలు. హనుమతోడి. హ అంటే ఎనిమిది, ను అంటే సున్న. తిరగేసి చదివితే ఎనిమిదో మేళకర్త రాగం. మాకు పేరు చెప్తే నంబరు తెలుస్తుంది. మీకు నంబరు చెప్పినా పేరు తెలియదు."

ఆమె నవ్వింది. అందులో నవ్వవలసింది ఏముందో అర్థం కాలేదని ఆ నవ్వులోనే తెలిసింది. మాలకొండయ్య గుంజకు ఆనుకొని నేల చూస్తున్నాడు.

ఆమె పెట్టె తెరిచి, సూది మార్చి, మొదట రెండో నంబరు పెట్టింది. అది అందరికీ తెలిసిన తోడే. అది పాడినంతసేపూ ఇంట్లో ముగ్గురూ ఒకరినొకరు చూడకుండా కూర్చున్నారు. అందులో వాళ్లకు మంచి సాధకం ఉంది.

తర్వాత ఒకటో నంబరు.

పెద్ద ఊపిరితో, ఊరిపెద్ద నడిచి వచ్చినట్టు తోడి వచ్చింది. తొందర లేదు. ఒక్కొక్క స్వరం దగ్గరా నిలబడి చూసుకుంటూ వచ్చింది. మధ్యలో, పైకి పోయే చోట, స్వరం పగిలింది. మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ పగిలింది. పీకలోంచి వట్టి గాలి బుస్సుమంది. అక్కడితో ఆగక, వంగిన నడుముతో మెట్లెక్కే మనిషిలా ఆ సన్నాయి చివరిదాకా పోయి, పైస్వరం అందీ అందకుండా ముగిసింది.

ముసలాయన చెయ్యి తనకు తెలియకుండానే కిందిపెదవి మీదికి పోయింది.

"ఇది పారేసినారనుకున్నా," అన్నాడు. "పెదవి చిట్లి ఉన్నిందమ్మా. ముందురోజు తెల్లారిందాకా ఊరేగింపు."

"ఏది ఎక్కించమంటారు?"

"రేపు చెప్తా. ఉంటావా ఈడ?"

మిషన్ బడి పంతులమ్మ తనకు దూరపు చుట్టమని, ఆ పూటకు ఆమె ఇంట ఉంటానని, రేపు పొద్దున బస్సుకు ముందు వస్తానని ఆమె లేచింది. బండి దాకా పెట్టె మోసుకుపోయిన మాలకొండయ్య, దాన్ని గడ్డి మీద కుదురుగా పెడుతూ అడిగాడు. "అమ్మా, పేరు మార్చొచ్చా?"

"ఏం పేరన్నా?"

"ప్లేటు మీద పేరు. ఎవురన్నా మార్చమంటే."

"ఆ నంబరుకు మొదట ఏ పేరు పడిందో అదే. అప్పటి ఒప్పందాలన్నీ పెద్దాయన పేరు మీదే ఉంటాయి గదా. మార్చాలంటే పెద్ద ఆఫీసు, వకీళ్లు. ఆ లోపల అచ్చులే కరిగిపోతాయి. ఎందుకడుగుతుండారు?"

"ఊరికే," అన్నాడు.

ఆ సాయంత్రం ఊళ్లోనే ఒక రెడ్డిగారింట్లో పెళ్లి. పెళ్లికొడుకు వాళ్లకు ఎదురుపోయి తీసుకురావాలి. పందిట్లో మేళం కూర్చోవడానికి ఒక పక్కగా చాప పరిచారు. చెంచురామయ్యకు మాత్రం కుర్చీ వేశారు. వచ్చిన పెద్దమనుషుల్లో ఒకాయన ముసలాయన్ను గుర్తుపట్టి, "తోడి చెంచురామయ్య నువ్వేనా? మా ఇంట్లో నీ ప్లేటు అరిగిపోయి రెండోది తెప్పించినాం," అన్నాడు. పెళ్లికూతురి తండ్రి పొంగిపోయి ఇటు తిరిగాడు.

"ఒరే మాలకొండా, ఆ తోడి అందుకో. ప్లేటులో ఉన్నట్టే రావాల. సొంత కవిత్వం కలపబాక."

మాలకొండయ్య పీక నాలుక మీద తడుపుకొని అందుకున్నాడు. ప్లేటులో ఉన్నట్టే వచ్చింది. డోలు ఆదెయ్య కూడా ప్లేటులో ఎక్కడ ఎన్ని దెబ్బలున్నాయో అన్నే వేశాడు. జనం మెచ్చుకుంటూ చెంచురామయ్య వైపు చూశారు. పెద్దమనిషి లేచి, తన మెడలోని దండ తీసి ముసలాయన మెడలో వేశాడు. వాయిస్తూ వాయిస్తూ మాలకొండయ్య అటు చూశాడు. మామ తల వంచుకొని ఉన్నాడు. దండ బరువుకు వంచినట్టు లేదు.

పొద్దున్నే పందిరి కింద మామకు గడ్డం గీయడానికి కూర్చున్నాడు మాలకొండయ్య. ఆ పని ఇంకొకరి చేత చేయించుకోడు ముసలాయన. కత్తిని తోలుపట్టీ మీద అటూ ఇటూ నూరి, సబ్బునురగ రెండు దవడలకూ పట్టించి, గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి తల పైకెత్తాడు. ఒక పక్క అయింది. రెండో పక్కకు తిరుగుతూ, రాత్రంతా కూడగట్టుకున్న మాట అడిగాడు.

"మామా, ఆమెకు ఏం చెప్పబోతుండావు?"

కళ్లు మూసుకునే చెప్పాడు ముసలాయన. "ఒకటో నంబరు."

కత్తి గాలిలో ఆగింది.

"అది చిట్లిన పెదవితో వాయించింది గదా."

"నా పెదవే గదా చిట్లింది."

"రెండోది కరిగించేస్తారు మామా."

"తెలుసు."

"అది..." అని ఆగాడు.

చెంచురామయ్య కళ్లు తెరిచాడు. "అది నీది. చెప్పు. నోరు తెరిచి చెప్పు. కత్తి నీ చేతిలో ఉండాది. భయపడాల్సింది నేను."

మాలకొండయ్య కత్తి దించి, దాని మీది నురగను మోచేతికి తుడుచుకున్నాడు.

"నువ్వు చెప్పవు. నేనే చెప్తా విను," అన్నాడు ముసలాయన. "ఇరవై ఏళ్ల పైన నీ సన్నాయిని నా పేరు కింద తొక్కిపెట్టి బతికినా. నిన్న ఆయన దండ వేస్తుంటే చచ్చిపోదామనిపించింది. నేను పోయినాక గూడా జనం అట్టా దండలు వేస్తానే ఉండాల్నా? నా పేరు కింద నా ఊపిరే ఉండాల. అది ఎట్టుంటే అట్టుండనీ."

"నువ్వనేది న్యాయమే," అన్నాడు మాలకొండయ్య. "మరి నాదేమయ్యేది?"

పెళ్లి చేసుకొని ఆ ఇంట్లోనే ఉండిపోయిన ఇన్నేళ్లలో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. జవాబు గడపలోంచి వచ్చింది.

"దొంగతనం ఒప్పుకుంటా ఉండావు గాని నాయనా, సొమ్ము మాత్రం నూతిలో పడేస్తానంటుండావు," అంది ఆదిశేషమ్మ.

అప్పుడే బండి వచ్చింది. కరుణాకుమారి దిగి, పెట్టె బండిలోనే ఉంచి, రెండు ప్లేట్లు మాత్రం గుడ్డలో చుట్టి పట్టుకొచ్చింది. ముసలాయన ఒక దవడ నున్నగా ఉంది. రెండో దవడ మీద నురగ ఆరిపోతోంది. తుడుచుకుందామన్న తలపు కూడా లేకుండా ఆయన ఆమెకు ఎదురుగా తిరిగి కూర్చున్నాడు.

"అమ్మా, ఆ రెండో నంబరు నేను వాయించింది కాదు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "మరి?"

"వీడు వాయించినాడు. మాలకొండయ్య. నా మేనల్లుడు. నా పెదవి చిట్లి నెత్తురు కారుతుంటే, నా సన్నాయి వీడి చేతిలో పెట్టి కానీరా అన్నా. పద్ధతిగా కానిచ్చినాడు. ప్లేటు మీద నా పేరేసినారు. నేను వద్దనలే. వీడెట్టా వద్దంటాడు? మేనమామను, విద్య చెప్పినోణ్ణి, పిల్లనిచ్చినోణ్ణి. అందుకే అనడని తెలిసి నేనూ ఊరకుండినా."

కరుణాకుమారి మాలకొండయ్య వైపు చూసింది. నిన్న బండి దగ్గర అతను అడిగిన మాట ఆమెకు ఇప్పుడు తట్టినట్టుంది. చేతిలోని ప్లేట్లను ఒళ్లోకి దించుకొని పీట మీద కూర్చుంది.

"నేను పోయి మా ఆఫీసరుకు చెప్తానన్నా. గట్టిగానే చెప్తా. కాని మీకు అబద్ధం చెప్పలేను. పేరు మారదు. రెండోది ఎక్కిస్తే పెద్దాయన పేరుతోనే వస్తుంది. ఒకటోది ఎక్కిస్తే రెండో అచ్చు ఈ వారంలోనే కొలిమికి పోతుంది. అంగళ్లకు పోయిన పాత ప్లేట్లు అరిగిందాకా పాడతాయి, అంతే. నేను ఇక్కణ్ణుంచి తీసుకుపోవాల్సింది ఒక్క అంకె."

"వాణ్ణే అడుగమ్మా," అన్నాడు చెంచురామయ్య. "చెప్పే హక్కు వాడిది."

మాలకొండయ్య చేతిలో ఇంకా కత్తి ఉంది. దాన్ని మడిచాడు. రెండు అని చెప్పడానికి అతని ఒళ్లంతా సిద్ధంగా ఉంది. పేరు ఎవరిదైనా, పడుచు వయసులో తను వాయించింది బతికుంటుంది. అంతకన్నా ఎక్కువ తనకు దొరకదని తెలుసు. కాని 'వీడు వాయించినాడు' అన్న మాట ఇంకా పందిరి కింద ఉన్నట్టే ఉంది. పగటిపూట, ముక్కూమొహం తెలియని మనిషి ముందర, మామ తన నోటితో అన్నాడు. ఆ మాట కోసం ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన అతనికి, అది వచ్చినాక ఆ ప్లేటుతో ఇంక ఏం చేసుకోవాలో తెలియలేదు. రమణయ్య హోటలు గుర్తొచ్చింది. రెడ్డిగారి పందిరి గుర్తొచ్చింది. ఇంక రాబోయే పెళ్లిళ్లన్నీ వరసగా కళ్లముందు కట్టాయి, ప్రతి పందిట్లోనూ అదే తోడి.

"ఒకటి," అన్నాడు.

"బావా," అంది ఆదిశేషమ్మ.

"పోనీ శేషా. పొద్దున లేస్తే దాంతోనే గదా నాకు పోట్లాట."

కరుణాకుమారి ఇంకొకసారి అడిగింది. అతను ఇంకొకసారి అదే చెప్పాడు. ఆమె ప్లేట్లు గుడ్డలో చుట్టుకొని, లేచి, ఎవరికి పెట్టాలో తెలియనట్టు ఇద్దరికీ కలిపి నమస్కారం పెట్టింది. బండి కదిలింది. ఆదిశేషమ్మ కళ్లు తుడుచుకుంటూ ఆమె వెనకే రోడ్డు దాకా నడిచింది.

మాలకొండయ్య మళ్లీ నీళ్లు తెచ్చి, ఆరిపోయిన నురగను తడిపి, రెండో దవడ గీయడం మొదలుపెట్టాడు. పటికముక్క రాస్తుండగా ముసలాయన అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఒకటి అడగాల నిన్ను. ఆ రెండోదాంట్లో కిందికి దిగేటప్పుడు, గాంధారాన్ని ఊపకుండా అట్నే నిలబెట్టినావే. తోడిలో గాంధారాన్ని ఎవుడూ అట్టా ఉత్తగా నిలబెట్టడు. నేను చెప్పింది కాదు అది. ఎట్టా వచ్చింది నీకు?"

"ఇన్నేళ్లూ అడగలేదే మామా."

"అడిగితే ఒప్పుకున్నట్టే గదా. ఇంట్లో ఎవురూ లేనప్పుడు వాయించి చూసినా. రాలే. పెళ్లిళ్లలో జనం ఆ చోటికోసమే కాసుకోనుండేవాళ్లు. ఏందో ఒక సాకు చెప్పి తప్పించుకునేవాణ్ణి. పళ్లు ఊడింది తర్వాతరా. సన్నాయి దించింది ముందు."

మాలకొండయ్య చాలాసేపు ఆయన మొహం చూశాడు. ఆ కాడి తన ఒక్కడి మెడకే వేశారని ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"అదేమీ విద్య కాదు మామా," అన్నాడు చివరికి. "నీ సన్నాయి నాకు అలవాటు లేదు. అద్దాల వెనక ప్లేటు పట్టే దొర చూస్తుండాడు. తప్పు పోతుందని భయమేసి ఊపిరి బిగబట్టినా. గాంధారం ఊగలా. ఆ భయమే అది."

"మరి నిన్న పెళ్లిలో గూడా వచ్చిందే."

"తర్వాత నేర్చుకున్నా. ప్లేటు పెట్టుకొని నేర్చుకున్నా, అందరి మాదిరే." ఆ మాట అంటుంటే అతనికే విస్తుపోయినట్టయింది. "నెల్లూరు వాళ్లు అన్నదాంట్లో తప్పేమీ లేదు మామా."

ముసలాయన ఆలోచించాడు. "అయితే ఇప్పుడు నీ తోడి ఎట్టుంటుంది?"

"నాకు తెలీదు."

"తీసుకురా సన్నాయి."

మాలకొండయ్య చేతులు కడుక్కొని, లోపలి నుంచి సన్నాయి తెచ్చి, మంచానికి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పీక తడిపి, కాసేపు శ్రుతి ఊది, రాగం ఎత్తుకున్నాడు. తెలిసిన దారి వచ్చినప్పుడల్లా ఆగి వెనక్కి వచ్చాడు. బాగాలేదు. రెండుచోట్ల దారి తప్పాడు. చెంచురామయ్య అది కాదని ఒక్కమారూ అనలేదు. తొడమీద చెయ్యి వేసుకొని, కళ్లు మేనల్లుడి వేళ్ల మీద పెట్టి వింటున్నాడు. రాగం పైకి పోయి కిందికి తిరిగింది. గాంధారం దగ్గరికి వచ్చేసరికి వేళ్లు వాటంతట అవే పాతచోటికి పోబోయాయి. అతను పోనివ్వలేదు. ఎటు పోవాలో తెలియక ఆ స్వరం మీదే ఉన్నాడు. ఊపిరి అయిపోవస్తున్నా ఉన్నాడు.

"తర్వాత?" అన్నాడు చెంచురామయ్య, ముందుకు వంగి.